తెర మీద లేని ఆటలు: అల్టిమేట్, రేర్ అభిమానుల జ్ఞాపకాల్లో ఏం మిగిలింది?

లూనార్ జెట్‌మాన్ అనే గేమ్‌లో చంద్రుడి మీద తిరిగే ఒక రోవర్ ఉంటుంది. 1983లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ కోసం వచ్చిన ఈ గేమ్‌లో ఆటగాడు ఆ రోవర్ మీద బాంబు ఎక్కించుకుని, దారిలోని గోతులు పూడ్చుకుంటూ శత్రుస్థావరం దాకా వెళ్లాలి. రోవర్ వెనక తగిలించుకునే ట్రైలర్ ఒకటి ఎక్కడో దాగి ఉందన్న మాట ఆ రోజుల్లోనే బ్రిటన్ ఆటగాళ్లలో పుట్టింది. క్రాష్ అనే పత్రికలో దాని ఫొటో కూడా అచ్చయింది. ఎందరో రాత్రుళ్లు కూర్చుని చంద్రుడి ఉపరితలమంతా గాలించారు. తరువాతి కాలంలో ప్రోగ్రామును మొత్తం విప్పి చూసినవారికి అలాంటి ట్రైలర్ జాడ కూడా కనిపించలేదు. అయినా ఆ గేమ్ పేరెత్తగానే పాత ఆటగాళ్లు ముందుగా తలుచుకునేవాటిలో ఆ ట్రైలర్ ఇప్పటికీ ఒకటి.

గేమ్‌లో లేని వస్తువు నలభై ఏళ్లపాటు జ్ఞాపకంలో నిలిచి ఉండటాన్ని వింతగా చూసి వదిలేయకూడదు. ఆ గేమ్‌ను తయారుచేసిన అల్టిమేట్ ప్లే ద గేమ్ సంస్థను, అదే బృందం నుంచి పుట్టిన రేర్ సంస్థను అభిమానులు ఎందుకంత ప్రేమగా తలుచుకుంటారో అర్థం చేసుకోవడానికి ఈ ట్రైలరే మంచి ఆధారం. వారి జ్ఞాపకాలు తెర మీద కనిపించినదాని చుట్టూ ఎంతగా అల్లుకున్నాయో, తయారీదారులు చెప్పకుండా వదిలేసినదాని చుట్టూ కూడా అంతగా అల్లుకున్నాయి. ఆ ఖాళీల్లో కొన్ని యంత్రం పరిమితుల వల్ల వచ్చాయి, కొన్నింటిని సంస్థ కావాలనే వదిలింది. రెండు రకాల ఖాళీలనూ నింపినది ఆటగాడి ఊహే.

క్రిస్ స్టాంపర్, టిమ్ స్టాంపర్ అన్నదమ్ములు. సొంత సంస్థ పెట్టకముందు వారు నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాల మీద పనిచేశారు, ఆ అనుభవం వారి తొలి గేమ్‌లలో స్పష్టంగా కనిపిస్తుంది. 1982లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్ ప్రాంతంలో, యాష్‌బీ డి లా జూష్ అనే చిన్న పట్టణంలో, యాష్‌బీ కంప్యూటర్స్ అండ్ గ్రాఫిక్స్ పేరుతో సంస్థను మొదలుపెట్టారు. గేమ్‌ల మీద వేసుకున్న పేరు మాత్రం అల్టిమేట్ ప్లే ద గేమ్. క్రిస్ ప్రధానంగా ప్రోగ్రామింగ్, టిమ్ ప్రధానంగా బొమ్మల పని చూసేవారు. 1983లో వచ్చిన జెట్‌ప్యాక్ వారి తొలి స్పెక్ట్రమ్ గేమ్.

ఆ కంప్యూటర్ ఎంత చిన్నదో తెలిస్తేనే జెట్‌ప్యాక్ ఎంత పెద్ద సాహసమో తెలుస్తుంది. 1982 ఏప్రిల్‌లో సింక్లెయిర్ సంస్థ స్పెక్ట్రమ్‌ను రెండు రకాలుగా అమ్మకానికి పెట్టింది. 16 కిలోబైట్ల మెమరీ ఉన్నదాని ధర 125 పౌండ్లు, 48 కిలోబైట్లదాని ధర 175 పౌండ్లు. అందులోని జెడ్80 ప్రాసెసర్ వేగం 3.5 మెగాహెర్ట్జ్. తెర మీద అడ్డంగా 256, నిలువుగా 192 పిక్సెళ్లు ఉండేవి. తెరను చూపించడానికే 6,912 బైట్లు ఖర్చయ్యేవి కనుక 16 కిలోబైట్ల యంత్రంలో ప్రోగ్రాముకు, బొమ్మలకు, శబ్దాలకు, స్కోరుకు అన్నిటికీ కలిపి మిగిలేది తొమ్మిది వేల చిల్లర బైట్లే. జెట్‌ప్యాక్ ఆ జాగాలోనే ఇమిడిపోయింది. మూడు ముక్కలుగా పడి ఉన్న రాకెట్‌ను పేర్చి, ఆరుసార్లు ఇంధనం తెచ్చి నింపి, పక్కల నుంచి దూసుకొచ్చే గ్రహాంతర జీవులను తప్పించుకుని ఎక్కి వెళ్లిపోవడమే ఆటంతా. ఎడమ అంచు దాటితే కుడి అంచులో తేలుతారు. నియమాలు రెండు నిమిషాల్లో తెలిసిపోతాయి, వేలికి పట్టు దొరకడానికి మాత్రం వారాలు పడుతుంది.

స్పెక్ట్రమ్‌లో రంగుల వ్యవహారం ఇంకా ఇరుకైనది. తెరను ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు, ఎనిమిది పిక్సెళ్ల ఎత్తు ఉన్న 768 గడులుగా విభజించారు. ఒక్కో గడిలో రెండే రంగులు ఉండగలవు, ఒకటి గీతకు, ఒకటి వెనకతలానికి. అందువల్ల తెల్లటి బొమ్మ పచ్చటి అరుగు పక్కకు చేరిందంటే ఆ గడి మేరకు ఒకదాని రంగు రెండోదానికి అంటుకునేది. స్టాంపర్ సోదరులు వెనకతలాన్ని చాలావరకు నల్లగా వదిలేశారు. నలుపులో రంగులు ఒకదాన్నొకటి రాసుకునే సందర్భాలు తగ్గుతాయి, ఉన్న కాసిని రంగులు మెరుస్తున్నట్టు కనిపిస్తాయి. అల్టిమేట్ గేమ్ అనగానే అభిమానుల కళ్ల ముందు మెదిలేది ఆ చిక్కటి నలుపులో వెలిగే చిన్న బొమ్మలే. ఆ నలుపు సాంకేతిక అవసరం కోసం వచ్చింది, కానీ చూసినవారికి అది అంతరిక్షంగా, పాడుబడ్డ కోటగా, రాత్రివేళ అడవిగా తోచింది.

1983లోనే వచ్చిన ఆటిక్ అటాక్‌లో ఆ నలుపు మరింత పని చేసింది. దెయ్యాల కోటలో చిక్కుకున్న ఆటగాడు బంగారు తాళంచెవి మూడు ముక్కలనూ వెతికి కలుపుకుని ప్రధాన ద్వారం తెరవాలి. ఆ మూడు ముక్కలూ కలిస్తే ఏర్పడే అక్షరాలు సంస్థ అసలు పేరులోని మూడు పదాల తొలి అక్షరాలే. యోధుడు, మాంత్రికుడు, సేవకుడు అన్న ముగ్గురిలో ఎవరినైనా ఎంచుకోవచ్చు. ఒక్కొక్కరికీ ఒక్కో రకం రహస్యమార్గం ఉంది. గోడగడియారంలోంచి యోధుడు, పుస్తకాల అరలోంచి మాంత్రికుడు, పీపాలోంచి సేవకుడు దూరిపోగలరు. ఒకరికి దారి అయినది మరొకరికి వట్టి సామాను. ఒకే కోట మూడు కోటలుగా మారడానికి అదనపు గదులేవీ గీయనక్కర్లేకపోయింది.

ఆ గేమ్‌లో ప్రాణశక్తిని చూపించిన తీరును ఇక్కడ కొంచెం నిలిచి చూడాలి. తెర పక్కన నిండుగా కండ పట్టిన వేపిన కోడి బొమ్మ ఒకటి ఉంటుంది. ఆటగాడికి దెబ్బ తగిలినప్పుడల్లా, ఊరికే తిరుగుతున్నా సరే కాలం గడిచేకొద్దీ, ఆ కోడి మీద మాంసం కొంచెం కొంచెంగా తరిగిపోయి కింద ఎముకలు బయటపడతాయి. తిండి దొరికితే మళ్లీ నిండుతుంది. ఒక అంకెతోనో గీతతోనో సరిపెట్టగలిగిన విషయాన్ని ఆకలిగా మార్చారు. ప్రాణం పోయిన చోట సమాధిరాయి మిగిలేది, తర్వాతి ప్రాణంతో అదే గదిలోకి వస్తే తన సమాధినే దాటుకుని వెళ్లాలి. ఆటిక్ అటాక్ ఆడినవారు దశాబ్దాల తరువాత కోట పటాన్ని మరిచిపోయినా కోడి ఎముకలను మరిచిపోరు. లెక్క మనసులో నిలవదు, బొమ్మ నిలుస్తుంది. ఈ సంగతి స్టాంపర్ సోదరులకు మొదటి నుంచీ తెలుసు అనిపిస్తుంది.

యంత్రం వదిలిన ఖాళీలకు సంస్థ తన మౌనాన్ని జోడించింది. స్టాంపర్ సోదరులు ఇంటర్వ్యూలు ఇవ్వడం చాలా అరుదు. వారి ప్రకటనల్లో చాలావాటిలో గేమ్ తెర కనిపించదు, అట్టమీది బొమ్మ, పేరు మాత్రమే ఉంటాయి. క్యాసెట్‌తో వచ్చే కాగితంలో ఏ మీట ఏం చేస్తుందో చెప్పేవారు, కథ మాత్రం పాత పురాణంలోంచి చింపుకొచ్చిన పుటలా సగంసగంగా ఉండేది. ఏ వస్తువు దేనికి పనికొస్తుందో, చివర ఏముందో ఆటగాడే తేల్చుకోవాలి. అందువల్లే ఆటగాళ్లు పటాలు గీసుకున్నారు, పత్రికలు వాటిని అచ్చువేశాయి, బడిలో ఒకరికి తెలిసింది మరొకరికి చెప్పుకున్నారు. ట్రైలర్ పుకారు పుట్టడానికి నేల ఇదే. అన్నీ వివరించే సంస్థ తీసిన గేమ్‌లో దాగిన వస్తువు గురించి పుకారు పుట్టినా పదిరోజులు నిలవదు. ఏమీ చెప్పని సంస్థ విషయంలో మాత్రం ఏదైనా సాధ్యమేనని అనిపిస్తుంది.

1984లో సేబర్ వుల్ఫ్‌తో సంస్థ ధరను ఒక్కసారిగా 5.50 పౌండ్ల నుంచి 9.95 పౌండ్లకు పెంచి, క్యాసెట్‌ను పెద్ద పెట్టెలో పెట్టి అమ్మింది. అంత డబ్బు పెట్టి కొన్నవారు కాపీలు తీసి పంచిపెట్టరన్నది ఆలోచన. ఖరీదు గేమ్ మీద గౌరవాన్ని ఇంకాస్త పెంచింది కూడా. సేబర్ వుల్ఫ్ నిండా దట్టమైన రంగురంగుల అడవి, అందులో విచ్చుకుని వాడిపోయే ఆర్కిడ్ పూలు. తాకిన పువ్వు రంగును బట్టి ఆటగాడికి మేలో కీడో జరుగుతుంది. అదే ఏడాది వచ్చిన నైట్ లోర్ ముందు మాత్రం అది కూడా చిన్నబోయింది.

నైట్ లోర్ విడుదలైన రోజుల్లో చూసినవారికి కలిగిన విస్మయాన్ని ఇప్పటివారికి చెప్పడం కష్టం. అప్పటిదాకా చాలా గేమ్‌లలో గది అంటే పక్కనుంచో పైనుంచో కనిపించే బల్లపరుపు బొమ్మ. ఇక్కడ గది మూలగా తిరిగి, లోతుతో నిలబడింది. బల్ల వెనక్కు వెళితే నాయకుడు బల్ల చాటున దాగేవాడు, రాతి దిమ్మె మీదకు ఎగిరి నిలబడేవాడు, చేతిలోని వస్తువును కింద పెట్టి దాన్నే మెట్టుగా వాడుకుని పైకి ఎక్కేవాడు. ఫిల్మేషన్ అని సంస్థ పేరుపెట్టిన ఈ పద్ధతిలో ప్రతి బొమ్మకూ ఒక ముసుగు బొమ్మ తోడుగా ఉంటుంది. గదిలోని వస్తువులను దూరంగా ఉన్నవాటితో మొదలుపెట్టి దగ్గరవాటి దాకా వరసలో గీస్తూ, ముందున్న వస్తువు ఆకారం మేరకు వెనక ఉన్నదాన్ని ఆ ముసుగు చెరిపేస్తుంది. ఆ మీద అసలు బొమ్మ పడుతుంది. గడికి రెండే రంగులన్న ఇబ్బందిని దాటడానికి గదినంతా ఒకే రంగులో గీశారు. రంగులు వదులుకుని లోతును సంపాదించారు.

ఆ గేమ్ కథానాయకుడు సేబర్‌మాన్‌కు శాపం ఉంది, చీకటి పడగానే తోడేలుగా మారతాడు. శాపవిమోచనానికి నలభై రోజుల్లోపు పద్నాలుగు వస్తువులు మాంత్రికుడి కొప్పెరలో వేయాలి. తెర అడుగున చిన్న కిటికీలో సూర్యుడు మెల్లగా జారిపోతూ ఉంటాడు. చంద్రుడు తొంగిచూడగానే ఆటగాడు ఏ పనిలో ఉన్నా సరే, గాలిలోకి ఎగరబోతున్నా సరే, సేబర్‌మాన్ ఆగిపోయి మెలికలు తిరుగుతూ రూపు మార్చుకుంటాడు. ఆ కొద్ది క్షణాలు మీటలు పనిచేయవు. అభిమానుల మాటల్లో నైట్ లోర్ గురించి అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఈ దృశ్యమే. చేతిలోని ఆట చేయిజారి, తన శరీరం తన మాట వినని భావం ఆటగాడికి అక్కడ ఒక్క వాక్యం లేకుండా కలుగుతుంది.

నైట్ లోర్ సేబర్ వుల్ఫ్ కంటే ముందే తయారైందని టిమ్ స్టాంపర్ తరువాత అరుదైన ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. ముందుగా దాన్ని విడుదల చేస్తే ఆ తర్వాత సేబర్ వుల్ఫ్‌ను ఎవరూ కొనరన్న భయంతో పక్కన పెట్టి ఉంచారు. వారి అంచనా సరైనదే. తరువాతి రెండుమూడేళ్లలో బ్రిటన్‌లో మూలగా తిరిగిన గదుల గేమ్‌లు వరుసగా వచ్చాయి. వాటిలో జాన్ రిట్‌మన్, బెర్నీ డ్రమండ్ 1987లో చేసిన హెడ్ ఓవర్ హీల్స్ గురువును మించినదని చాలామంది అంటారు, ఆ మాట కాదనడం కష్టం. ఏలియన్ 8 మొదలుకొని అల్టిమేట్ సొంతంగా తీసిన తరువాతి ఫిల్మేషన్ గేమ్‌లు నైట్ లోర్ అంత గాఢంగా ఎవరికీ గుర్తులేవు.

జ్ఞాపకం ఒక విషయంలో మాత్రం గేమ్‌ను మార్చేసింది. నైట్ లోర్‌ను ఈరోజు తెరిచి ఆడితే ముందుగా తెలిసేది దాని నెమ్మది. గదిలో కదిలే వస్తువులు ఎక్కువైతే ప్రాసెసర్ అన్నిటినీ గీయలేక ఆట మొత్తం మందగిస్తుంది, ఖాళీ గదిలోకి వెళ్లగానే మళ్లీ వేగం పుంజుకుంటుంది. ఆనాటి ఆటగాళ్లకు ఈ మందగింపు తెలియక కాదు. అంత చిన్న యంత్రం ఇంత చేస్తోందన్న ఆశ్చర్యంలో దాన్ని లెక్కచేయలేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆశ్చర్యం మిగిలింది, మందగింపు మాసిపోయింది. అభిమానుల జ్ఞాపకం అబద్ధం చెబుతోందని దీని అర్థం కాదు. 1984లో ఆ గది ముందు కూర్చున్నవారు అనుభవించినదాన్ని అది నమ్మకంగానే దాచిపెట్టింది.

ఎదురుచూపు కూడా ఆ అనుభవంలో భాగమే. క్యాసెట్ నుంచి 48 కిలోబైట్ల గేమ్ లోడ్ కావడానికి నాలుగైదు నిమిషాలు పట్టేది. తెర అంచుల్లో రంగుల చారలు పరుగెత్తేవి, టేప్ రికార్డర్ కీచుమని అరిచేది, ముందుగా అట్టమీది బొమ్మ లాంటి ఒక చిత్రం వరుసవరుసగా పరుచుకునేది. చివరి క్షణంలో లోపం వస్తే టేపు వెనక్కు తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ నిమిషాల్లో ఆటగాడు అట్టను చదివాడు, బొమ్మను చూశాడు, లోపల ఏముందో ఊహించాడు. ఇప్పుడు పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాములో అదే గేమ్ రెప్పపాటులో తెరుచుకుంటుంది. ఆట అక్షరాలా అదే, దానికి ముందున్న ఊహ మాత్రం లేదు. పాత ఆటగాళ్లలో కొందరు ఎమ్యులేటర్‌లో కూడా లోడింగ్ శబ్దాన్ని పూర్తిగా నడవనివ్వడం వెనక ఉన్న కారణం ఇదే అనుకోవాలి.

స్టాంపర్ సోదరులు ఇంతలో స్పెక్ట్రమ్‌ను దాటి చూశారు. జపాన్‌కు చెందిన నింటెండో వారి గేమ్ యంత్రాన్ని విప్పి, అది పనిచేసే తీరును సొంతంగా పట్టుకుని, దానికి గేమ్‌లు చేయగలమని నింటెండోకే చూపించారు. 1985లో రేర్ సంస్థ ఏర్పడింది, అల్టిమేట్ పేరు యూఎస్ గోల్డ్ అనే గేమ్ ప్రచురణ సంస్థ చేతికి వెళ్లింది. బ్రిటన్ బయట చాలామందికి ఈ కథ ఇక్కడినుంచే మొదలవుతుంది. వారి జ్ఞాపకాల్లో జెట్‌ప్యాక్ లేదు, 1988 నాటి ఆర్‌సీ ప్రో యామ్ కార్లు, 1991 నాటి బ్యాటిల్‌టోడ్స్ మూడో దశలో గోడలకు గుద్దుకుని పోగొట్టుకున్న ప్రాణాలు ఉంటాయి. ఆపై 1994లో డాంకీ కాంగ్ కంట్రీ వచ్చింది.

సిలికాన్ గ్రాఫిక్స్ వారి ఖరీదైన కంప్యూటర్ల మీద త్రిమితీయంగా మలిచిన బొమ్మలను స్ప్రైట్లు అనే చిన్న బల్లపరుపు బొమ్మలుగా కుదించి సూపర్ నింటెండోలో నడిపించిన గేమ్ అది. ఆనాటి గాజుతెర టీవీలో పక్కపక్క పిక్సెళ్లు ఒకదానిలోకి ఒకటి కాస్త కలిసిపోతాయి. ఆ కలయికలో కథానాయకుడైన కోతి రోమాలు మెత్తగా, గుండ్రంగా కనిపించేవి. ఈనాటి పదునైన తెర మీద అదే బొమ్మ గరుకు చుక్కలుగా విడిపోతుంది. గుర్తున్నంత అందంగా లేదేమిటని కంగారుపడేవారికి జవాబు టీవీలో ఉంది. సంగీతం కూడా అంతే. శబ్దాల కోసం ఆ యంత్రంలో 64 కిలోబైట్లే ఉన్నా, నీటి అడుగు దశకు డేవిడ్ వైజ్ కూర్చిన నెమ్మదైన బాణీని ఆట ఆడనివారు కూడా ఈరోజుకీ వింటున్నారు.

చెప్పకుండా వదిలే అలవాటు రేర్‌ను కూడా వీడలేదు. 1998లో వచ్చిన బాంజో కజూయీ ముగింపులో చేరలేని చోట్ల ఉన్న రంగు గుడ్లను, మంచుతో చేసిన తాళంచెవిని చూపించి, వాటి సంగతి తర్వాతి గేమ్‌లో తెలుస్తుందన్నట్టు వదిలేశారు. నింటెండో 64 యంత్రం నుంచి గేమ్ ఉండే కార్ట్రిడ్జ్ ఒకటి తీసి మరొకటి పెట్టే కొద్ది సెకన్ల వ్యవధిలో మెమరీలోని సమాచారం చెరిగిపోకుండా నిలుస్తుందని గమనించి, దాని ద్వారా రెండు గేమ్‌లను కలపాలన్నది అసలు పథకం. యంత్రం తయారీలో వచ్చిన మార్పులతో ఆ వ్యవధి తగ్గిపోయి పథకం మూలపడింది. మంచు తాళంచెవి మాత్రం గాజుగోడ అవతల ఉన్నట్టుగా తొలి గేమ్‌లోనే ఉండిపోయింది. పదేళ్ల తర్వాత ఎక్స్‌బాక్స్ కోసం మళ్లీ విడుదల చేసిన రూపాల్లో ఆ రెండు గేమ్‌ల మధ్య లంకె నిజంగానే పనిచేసింది. ఎదురుచూసినవారికి సంతోషం కలిగింది, కానీ ఆ పదేళ్లలో వారు ఊహించుకున్నంత పెద్ద రహస్యమేదీ అక్కడ బయటపడలేదు.

2002లో మైక్రోసాఫ్ట్ రేర్‌ను 37.5 కోట్ల డాలర్లకు కొన్నది. స్టాంపర్ సోదరులు 2007లో సంస్థను వదిలి వెళ్లారు. ముప్పై ఏళ్ల సందర్భంగా 2015లో వెలువడిన రేర్ రీప్లే సంకలనంలో ముప్పై గేమ్‌లు ఉన్నాయి. జెట్‌ప్యాక్, ఆటిక్ అటాక్, నైట్ లోర్ వాటిలో చేరాయి. నింటెండో హక్కుల వల్ల డాంకీ కాంగ్ కంట్రీ, జేమ్స్ బాండ్ హక్కుల చిక్కుల వల్ల రేర్ తీసిన బాండ్ గేమ్ గోల్డెన్‌ఐ అందులో లేవు, గోల్డెన్‌ఐ 2023 జనవరిలో గాని కొత్త యంత్రాల మీదకు రాలేదు. సంకలనంలోని పాత గేమ్‌లకు కాలాన్ని వెనక్కు తిప్పే మీట ఇచ్చారు. తప్పు చేస్తే కొన్ని సెకన్లు వెనక్కు వెళ్లి సరిదిద్దుకోవచ్చు. కొత్తవారికి అది మేలే, లేకుంటే ఆ ఆటల కాఠిన్యానికి మొదటి పది నిమిషాల్లోనే దూరమవుతారు. అయితే ఆటిక్ అటాక్‌లో సమాధిరాయికి ఉన్న బరువు ఆ మీటతో తేలికైపోతుంది.

ఆ సంకలనంలో 1984 నాటి అండర్‌వర్ల్డ్ కూడా ఉంది. సేబర్‌మాన్ పాతాళంలోంచి బయటపడే ఆ గేమ్‌కు మూడు ముగింపు దారులు ఉన్నాయి. ఒకటి నైట్ లోర్ వైపు, ఒకటి 1986లో వచ్చిన పెంటగ్రామ్ వైపు, మూడోది మైర్ మేర్ అనే గేమ్ వైపు పంపుతుంది. మైర్ మేర్ ఎన్నడూ విడుదల కాలేదు. అది ఎలా ఉండి ఉండేదో అభిమానులు ఈనాటికీ చర్చించుకుంటారు, కొందరు సొంతంగా దాన్ని తయారుచేయడానికి పూనుకున్నారు. అండర్‌వర్ల్డ్‌ను ఈరోజు తెరిచి, చివరిదాకా ఎక్కి ఆ మూడో దారిలో నడిచినవారికి 1984లో చెప్పిన పేరే ఇప్పటికీ ఎదురవుతుంది.